కారు పంపేముందు చివరి 60 కిలోమీటర్ల సంగతి అడగండి

పుణెలో కంటైనర్ ఎక్కిన మా స్విఫ్ట్ అమలాపురంలో మా ఇంటి ముందు ఆగేసరికి మీటరు మీద 178 కిలోమీటర్లు ఎక్కువ కనిపించాయి. లారీలో కూర్చుని వచ్చిన బండి అంత దూరం ఎలా తిరుగుతుంది? కంటైనర్ విజయవాడ అవతలే ఆగిపోయింది. అక్కణ్ణించి ఎవరో కుర్రాడు ఏసీ వేసుకుని, దార్లో టిఫిన్‌కి ఆగి, భీమవరం మీదుగా నా కారు నడుపుకుంటూ వచ్చేశాడు. డ్రైవరు సీటు కింద పల్లీల పొట్టు దొరికింది. బుకింగ్ తీసుకున్నాయనకి ఫోన్ చేస్తే, "డోర్ డెలివరీ అన్నాం కదండీ, డోరు దగ్గరికే తెచ్చాం కదా" అన్నాడు. మాటకి మాట చూస్తే ఆయనదే నిజం. లారీ మీదే తెస్తామని కాగితం మీద ఎక్కడా రాయలేదు, రాయమని నేనూ అడగలేదు.

ఆ తర్వాత మా ఇంట్లో, చుట్టాల్లో ఇంకో మూడు కార్లు దూరం దాటించాం. ఒకటి గురుగ్రామ్ నుంచి భీమవరానికి, ఒకటి అమలాపురం నుంచి బెంగళూరుకి, మరొకటి చెన్నై నుంచి పాలకొల్లుకి. దాంతో "ఏ కంపెనీ మంచిదండీ?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. పేరు చెప్పమంటే నేను చెప్పను. ఈ వ్యాపారంలో ఒకే బోర్డు కింద బుకింగ్ ఆఫీసు ఒకరిది, యార్డు ఇంకొకరిది, లారీ మూడో మనిషిది. మా బావగారికి బాగా జరిగిందని మీకూ అలాగే జరుగుతుందన్న పూచీ లేదు. కానీ ఏం చూసి ఎంచుకోవాలో మాత్రం ఇప్పుడు బాగా తెలుసు. మన గోదావరి డెల్టా వాళ్లు అందరికంటే ముందు చూడాల్సింది పెద్ద లారీ ఆగిన చోటి నుంచి మీ గుమ్మం దాకా ఉన్న ఆ చివరి 60 కిలోమీటర్ల ముక్క. అక్కడ ఎవరు బాధ్యులో తేలితే సగం కంపెనీలు వాటంతటవే జాబితాలోంచి జారిపోతాయి.

ముందు దూరం తేల్చుకోండి

నేను పెట్టుకున్న లెక్క ఇది. మధ్యలో ఒక్క రాత్రి పడుకుని చేరే దూరమైతే డ్రైవరు. రెండు రాత్రులు పడుకోవాల్సి వస్తే లారీ.

హైదరాబాదుకైతే అసలు ఆలోచనే అక్కర్లేదు. రాజమండ్రి నుంచి సుమారు 420 కిలోమీటర్లు. తెల్లవారుజామున కాఫీ తాగి బయల్దేరితే భోజనాల వేళకి అక్కడుంటారు. ఆ దూరానికి ట్రైలర్ మాట్లాడి, వాళ్లకి లోడు నిండేదాకా మీ కారు యార్డులో ఎండబెట్టడం శుద్ధ దండగ.

బెంగళూరు కొంచెం ఆలోచించాల్సిన దూరం. మన వైపు నుంచి 800 కిలోమీటర్ల పైన. లీటరుకి 18 కిలోమీటర్లు ఇచ్చే బండికి 45 లీటర్లు, లీటరు 110 రూపాయలనుకుంటే పెట్రోలు 5,000కి అటూ ఇటూ. దాని మీద టోల్‌గేట్లు, యాక్టింగ్ డ్రైవరు (మన కారు నడపడానికి రోజు కిరాయికి వచ్చే డ్రైవరు) కూలీ, బత్తా, తిరుగు టిక్కెట్టు. మా అబ్బాయి కారు పంపినప్పుడు మా వీధి డ్రైవరు నెల్లూరులో పడుకుని, రెండో రోజు మధ్యాహ్నానికి అప్పజెప్పి, అదే రాత్రి రైలెక్కి వెనక్కి వచ్చేశాడు. అన్నీ కలిపినా ట్రాన్స్‌పోర్టు వాళ్లు చెప్పిన రేటుకి కిందే తేలింది. కారు ఎక్కడుందో ప్రతి రెండు గంటలకీ తెలుస్తూనే ఉంది. ట్రైలర్ కైతే "రెండ్రోజుల్లో వచ్చేస్తది సార్" తప్ప ఇంకో సమాధానం ఉండదు.

యాక్టింగ్ డ్రైవర్‌ని పంపేటప్పుడు మూడు పనులు చెయ్యండి. లైసెన్సు గడువు చూసి ఫొటో తీసి పెట్టుకోండి. మీ ఇన్సూరెన్సు పాలసీలో పెయిడ్ డ్రైవర్ లీగల్ లయబిలిటీ అన్న వరుసలో ప్రీమియం కట్టి ఉందో లేదో చూడండి. అది మామూలుగా 50 రూపాయలే ఉంటుంది, కానీ జరగరానిది జరిగి డ్రైవరుకి దెబ్బ తగిలితే ఆ 50 రూపాయల విలువ తెలుస్తుంది. మూడోది, రాత్రి 10 తర్వాత నడపొద్దని చెప్పి, పడుకోవడానికి గది డబ్బులు ముందే చేతిలో పెట్టండి. గది డబ్బులు మిగుల్చుకుందామని పెట్రోలు బంకులో సీటు వెనక్కి వాల్చి రెండు గంటలు కునుకు తీసి మళ్లీ స్టీరింగ్ పట్టేవాళ్లున్నారు. ఇవ్వాల్సింది మనమే ఇవ్వకపోతే తప్పు వాళ్లది కాదు.

పుణె, ముంబయి, ఢిల్లీ, కోల్‌కతా లాంటి దూరాలకి లారీయే నయం. ఢిల్లీ నుంచి 1,800 కిలోమీటర్ల పైన నడిపిస్తే పెట్రోలే 11,000 దాటుతుంది. టైర్లు అరిగేది, ఆయిలు మార్చేది, మూడు రోజుల డ్రైవరు ఖర్చు అన్నీ కలిపితే లారీ రేటుకి పెద్ద తేడా ఉండదు. పైగా అన్ని రాష్ట్రాలు, అన్ని రాత్రులు.

రైల్లో పంపొచ్చా అని కొందరు అడుగుతారు. బైకైతే నిక్షేపంగా పంపొచ్చు. రాజమండ్రి పార్సిల్ ఆఫీసులో పెట్రోలు తీసేసి, గోనెసంచులు చుట్టించి ఇస్తే వెళ్లిపోతుంది. కార్లకి రైళ్లున్నది కంపెనీలు వందల కొద్దీ కొత్త బండ్లు పంపుకోవడానికి. మీ ఒక్క కారు కోసం పార్సిల్ వ్యాగన్ మాట్లాడుకునే స్తోమత ఉంటే మీకు ఈ సలహాలతో పని లేదు.

ఏ లారీ ఎక్కుతుంది?

"కార్ క్యారియర్" అని అందరూ ఒకే మాట వాడతారు, లోపల నాలుగు రకాలున్నాయి. ఫోన్లో మాట్లాడేటప్పుడే ఏదో చెప్పించుకోవాలి.

అన్ని వైపులా రేకు మూసి ఉన్న కంటైనర్ మొదటిది. వాన, దుమ్ము, రాళ్లు తగలవు. ఇది ఖరీదు. ఓపెన్ ట్రైలర్ రెండోది, రెండంతస్తుల్లో కార్లు కనిపిస్తూ పోతుంటాయే, అది. చింతకొమ్మలు గీసుకుంటాయి, ముందు లారీ టైరు కింద నుంచి లేచిన రాయి తగలొచ్చు. ఏడెనిమిదేళ్ల బండికి ఓపెన్ చాలునని నా అభిప్రాయం. కొత్త బండికి, నల్ల రంగు బండికి కంటైనర్ డబ్బులు పెట్టొచ్చు. ఓపెన్‌లో పంపితే పైఅంతస్తు అడగండి, కింద ఉన్నవాటి మీద పైబండి ఆయిలు కారడం చూశాను.

ఇంటి సామానుతో కలిపి ఒకే లారీలో తెచ్చే ప్యాకర్స్ పద్ధతి మూడోది. లారీ వెనక సగంలో కారు, ముందు సగంలో ఫ్రిజ్, బీరువా, మంచాలు, మధ్యలో చెక్కల అడ్డం. ఒకే బిల్లు, ఒకే రోజు చేరడం, లారీ మీకు మాత్రమే కాబట్టి దారిలో మార్చకపోవడం దీని లాభాలు. బీరువా తాడు తెగితే ఎటు పడుతుందో ఊహించుకోండి, అది నష్టం. మా చెన్నై బంధువుల కారు ఇలాగే పాలకొల్లు వచ్చింది. కారుకి ఏమీ కాలేదు, వాషింగ్ మెషీన్ మూత మాత్రం పగిలింది. ఇదే ఎంచుకుంటే కారు ఎక్కించాక అడ్డం కొట్టేదాకా అక్కడే నిలబడండి. మన డెల్టాకి దీనికో పెద్ద అనుకూలం ఉంది, కింద చెప్తాను.

నాలుగోది ఒక్క బండినే మోసే ఫ్లాట్‌బెడ్. స్టార్టు కాని కారుకి, ప్రమాదం జరిగిన కారుకి ఇదే గతి. దూరానికి వాడితే తిరుగు ఖాళీ కిరాయి కూడా మీ నెత్తినే పడుతుంది. కానీ హైవే నుంచి ఇంటి దాకా వాడితే బంగారం.

కాలవ గట్టు మీద ట్రైలర్ తిరగదు

మన దగ్గర రోడ్లన్నీ కాలవల పక్కనే పడుకుని ఉంటాయి. ఇటు కాలవ, అటు చేను, మధ్యలో రెండు కార్లు ఒద్దికగా దాటుకునేంత తారు. లాకుల దగ్గర మలుపు, వంతెన మీద గుమ్మటంలా ఎత్తు, పైన కేబుల్ టీవీ వైర్లు. ఆరేడు కార్లు మోసే ట్రైలర్ డ్రైవరు ఒకసారి లోపలికి వచ్చాడంటే మళ్లీ జన్మలో రాడు. అందుకే పుణెలోనో ఢిల్లీలోనో కూర్చున్న బుకింగ్ మనిషి "డోర్ డెలివరీ" అన్నప్పుడు ఆయన మనసులో ఉన్నది కంపెనీ యార్డు నుంచి ఎవరో నడిపి తేవడమే. చెప్పడు, అంతే.

ఇంకో చిక్కు ఈమధ్య వచ్చింది. ఇదివరకు విజయవాడ నుంచి విశాఖ వెళ్లే ప్రతి లారీ తాడేపల్లిగూడెం, తణుకు, రావులపాలెం మీదుగానే పోయేది. ఇప్పుడు గుండుగొలను దగ్గర కొత్త రోడ్డు ఎక్కి, దేవరపల్లి మీదుగా కొవ్వూరు వైపు వెళ్లిపోతున్నాయి. మీకోసం పాత రోడ్డుకి రమ్మంటే ఆఖరి నిమిషంలో డ్రైవరు మొరాయిస్తాడు. కాబట్టి దింపే చోటు బుకింగ్ రోజునే పేరు పెట్టి రాయించుకోవాలి. "రాజమండ్రి దగ్గర" అంటే చాలదు. ఫలానా జంక్షన్, ఫలానా బంకు ఎదురుగా అని ఉండాలి.

మూడు దారులున్నాయి. యార్డు నుంచి కంపెనీ మనిషే నడిపి తేవడం ఒకటి, చవక, నాకు నచ్చనిది. తప్పదనుకుంటే యార్డులో మీటరు ఫొటో, నడిపేవాడి లైసెన్సు ఫొటో, దారిలో ఏం జరిగినా కంపెనీదే బాధ్యత అన్న వాక్యం అడగండి. ఇవ్వనంటే అక్కడే తెలిసిపోయింది. ఫ్లాట్‌బెడ్ మీద ఇంటి దాకా తేవడం రెండోది. కోనసీమ లోపలి ఊళ్లకి, లంకల వైపు ఉన్నవాళ్లకి కాస్త డబ్బు ఎక్కువైనా బాగుంటుంది. మూడోది మీరే హైవేకి వెళ్లి దింపుకోవడం. నా ఓటు దీనికే. ఇక ఇంటి సామానుతో వచ్చే ప్యాకర్స్ లారీ చిన్నదైతే మీ వీధి చివరి దాకా రాగలదు. పైన చెప్తానన్న అనుకూలం అదే. అయితే ర్యాంపు వేసి కారు దింపడానికి లారీ వెనక కనీసం ఇంకో లారీ పొడవు ఖాళీ ఉండాలి. పాలకొల్లులో ఆ చోటు లేక రైతు బజారు వైపు వెతుక్కుంటూ వెళ్లాం.

రావులపాలెంలో తెల్లవారుజాము

గురుగ్రామ్ నుంచి బావగారి క్రెటా బయల్దేరిన తొమ్మిదో రోజు తెల్లవారుజామున 4:40కి ఫోన్ మోగింది. లారీ డ్రైవరు హిందీలో, "రావులపాలెం వచ్చాను, గంటలో దింపకపోతే ముందుకి పోతాను" అని. భీమవరం నుంచి బావగారు, అమలాపురం నుంచి నేను పరిగెత్తాం. అరటి గెలల లారీలు అప్పటికే మార్కెట్‌కి బారులు తీరాయి. వాటి వెనకాల వీధిదీపం కింద మన కంటైనర్.

తలుపు తీసి రెండు ఇనప పట్టాలు నేలకి వాల్చారు. మాది తలుపు వైపు నుంచి మూడోది. ముందు రెండు కార్లు దింపాలి, అవి విశాఖవి. ఆ రెంటినీ దింపి రోడ్డు పక్కన పెట్టేసరికి బావగారికి చెమటలు పట్టాయి, రేపు విశాఖలో ఎవరైనా మన కారు ఇలాగే ఎక్కడో దింపి ఎక్కించారని తెలిస్తే ఏమనుకుంటారని. లారీలో మీ కారు ఎన్నోది అనేది అందుకే అడగాలి. మీ ఊరు దాటాక దిగాల్సిన కార్లు మీ కారుకీ తలుపుకీ మధ్య ఉంటే, వాటిని దింపితే తప్ప మీది దిగదు. మీ ఊరికంటే ముందే దిగాల్సినవి మీ కారు కంటే లోపల ఉంటే మీది అనవసరంగా దిగి ఎక్కుతుంది.

క్రెటా వెనక్కి దిగుతుంటే పట్టా చివర ముందు బంపర్ కింద గరగర శబ్దం వచ్చింది. కుర్రాడు ఆపి, ఒక చెక్క తెచ్చి పట్టా కింద ఎత్తు పెట్టాడు. తర్వాత నున్నగా దిగింది. టైర్లకి బెల్టులు కట్టిన గుర్తులు ఉన్నాయి. టైరు చుట్టూ కడితే మంచి పద్ధతి, కింద యాక్సిల్‌కి గొలుసు బిగిస్తే దారంతా కుదుపు సస్పెన్షన్ మీద పడుతుంది. ఎక్కించేటప్పుడు చూడాల్సింది ఇదొకటి.

కారంతా గోధుమరంగు ధూళి. ధూళి మీద గీతలు కనపడవు. దింపించుకునేవాళ్లు సంతకం పెట్టేముందు తడిగుడ్డతో తుడవాలి. నేను రెండు సీసాల నీళ్లు, పాత పంచె ముక్క తీసుకెళ్లాను. ఎడమ వెనక తలుపు తుడవగానే జానెడు పొడుగు గీత బయటపడింది. బావగారు లారీ డ్రైవరు మీదకి వెళ్లబోయారు. ఫోన్ తీసి ఎక్కించే రోజు ఫొటోలు చూశాం. అదే గీత, అదే చోట, గురుగ్రామ్ అపార్ట్‌మెంట్ సెల్లార్ స్తంభానిది. ఆ ఫొటో లేకపోతే ఆ పూట పాపం డ్రైవరుతో గొడవ పడేవాళ్లం. ఫొటోలు వాళ్లని పట్టుకోవడానికే కాదు, మనల్ని మనం పట్టుకోవడానికి కూడా పనికొస్తాయి. డ్రైవరుకి టీ ఇప్పించి, మీటరు చూశాం. ఎక్కువ తిరిగింది 3 కిలోమీటర్లు. అదీ లెక్క.

తీయాల్సిన ఫొటోలు నాలుగు వైపులా, పైకప్పు, నాలుగు చక్రాలు, స్టెప్నీ, మీటరు, పెట్రోలు ముల్లు. ఎక్కించే మనిషి కూడా ఫ్రేములో పడేలా ఒక వీడియో. దిగినచోట డెంటు కనిపిస్తే, డెలివరీ కాగితం మీద "ఎడమ తలుపు మీద కొత్త డెంటు ఉంది" అని మీ చేత్తో రాసి అప్పుడు సంతకం పెట్టండి. "సంతకం పెట్టండి సార్, ఆఫీసులో చూసుకుంటారు" అంటారు. సంతకం పెట్టాక ఆఫీసులో ఎవరూ ఏమీ చూడరు.

ఎవరి పేరు మీద ఎల్‌ఆర్ (లారీ రసీదు)?

పుణె నుంచి తెప్పించేటప్పుడు నేను నలుగురి దగ్గర కొటేషన్ అడిగాను. తక్కువది 9,500, ఎక్కువది 21,000. అదే కారు, అదే దూరం. తక్కువ చెప్పినాయనే నాకు దొరికిన ఆ పల్లీల పొట్టు కంపెనీ. ఆయన దగ్గర ఒక్క లారీ కూడా లేదు. ఫోన్ నంబరు, వెబ్‌సైటు, లెటర్‌హెడ్, అంతే. బుకింగ్ పట్టి ఇంకొకరికి అమ్ముతాడు. దళారీ ఉండటం తప్పు కాదు, దళారీ అని చెప్పకపోవడం తప్పు.

కనిపెట్టే దారి ఒకటుంది. "ఎల్‌ఆర్ ఎవరి పేరు మీద వస్తుంది? మీదేనా, ట్రాన్స్‌పోర్టు వాళ్లదా?" అని అడగండి. నీళ్లు నమిలితే దళారీ. 2007లో వచ్చిన క్యారేజ్ బై రోడ్ చట్టం ప్రకారం, ఇతరుల సరుకు కిరాయికి మోసే ట్రాన్స్‌పోర్టు వ్యాపారి కామన్ క్యారియర్‌గా రిజిస్టర్ చేయించుకోవాలి. ఆ రిజిస్ట్రేషన్ నంబరు, జీఎస్‌టీ నంబరు రెండూ అడగండి. జీఎస్‌టీ నంబరు ప్రభుత్వ వెబ్‌సైట్లో కొడితే అసలు పేరు, చిరునామా వస్తాయి. బోర్డు మీద పేరుకీ దానికీ పొంతన లేకపోతే అక్కడే ఆగిపోండి. పేరున్న కంపెనీల పేర్లకి ముందో వెనకో ఒక మాట తగిలించి నడిపే దుకాణాలు ఈ రంగంలో లెక్కలేనన్ని.

అదే చట్టం కింద 2011లో వచ్చిన రూల్స్‌లో మనం తెలుసుకోవాల్సిన చేదు విషయం ఉంది. మీరు సరుకు విలువ ప్రకటించి ఎక్కువ రిస్కు రేటు కట్టకపోతే, నష్టం జరిగినప్పుడు ట్రాన్స్‌పోర్టు వాళ్ల బాధ్యత కిరాయికి పది రెట్ల దగ్గర ఆగిపోతుంది. కిరాయి 14,000 అయితే గరిష్ఠంగా 1,40,000. ఏడు లక్షల కారు బూడిదైనా అంతే. ఇంకోటి, నష్టం గురించి లిఖితపూర్వక నోటీసు బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోపు ఇవ్వాలి. "చూద్దాం, చేద్దాం" అంటూ ఆరు నెలలు తిప్పేవాళ్లకి ఈ సంగతి మనకంటే బాగా తెలుసు.

మరి "ట్రాన్సిట్ ఇన్సూరెన్స్" అని కారు విలువ మీద ఇంత శాతం వసూలు చేస్తారు కదా? చాలాసార్లు అది ఇన్సూరెన్సే కాదు. బిల్లు మీద ఎఫ్‌ఓవీ అనో రిస్కు ఛార్జీ అనో ఉంటుంది, అది వాళ్ల జేబులోకే పోతుంది. బీమా కంపెనీ పేరుతో, మీ కారు నంబరుతో సర్టిఫికెట్ ఇస్తేనే ఆ డబ్బు కట్టండి.

అసలు అది కట్టేముందు మీ కారు సొంత పాలసీ ఒకసారి తీసి చదవండి. థర్డ్ పార్టీ ఒక్కటే అయితే లాభం లేదు. ప్యాకేజీ పాలసీ, అంటే మనం ఫుల్ ఇన్సూరెన్స్ అనేది అయితే, కారు రోడ్డు మీదో, రైల్లోనో, లోపలి జలమార్గంలోనో, లిఫ్టులోనో, విమానంలోనో రవాణాలో ఉండగా జరిగిన నష్టం కూడా దాని కిందకి వస్తుంది. ప్రామాణిక పాలసీ పాఠంలోనే ఉంది. జలమార్గం అన్నమాట చూసినప్పుడల్లా నాకు నరసాపురం రేవులో పంటు మీద కారెక్కించి సఖినేటిపల్లి దాటిన రోజులు గుర్తొస్తాయి. చక్రాల కింద రాళ్లు పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, గోదావరి మధ్యలో దేవుడికి దణ్ణం పెట్టుకునేవాళ్లం. దానికీ బీమా ఉందని అప్పుడు తెలీదు. క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుంది కాబట్టి చిన్న గీతలకి వాడుకోకండి, పెద్దదానికే. ప్రయాణం మధ్యలో పాలసీ గడువు తీరిపోకుండా కూడా చూసుకోండి, పది పన్నెండు రోజులు ఇట్టే గడుస్తాయి.

డబ్బు విషయం. బుకింగ్‌కి కొంత, కారు లారీ ఎక్కి ఎల్‌ఆర్ చేతికొచ్చాక కొంత, దిగాక మిగతాది. మొత్తం ముందే అడిగేవాళ్లని వదిలేయండి. మొత్తం దిగాక ఇవ్వండి అనేవాళ్లని ఇంకా జాగ్రత్తగా చూడండి, ఎందుకంటే కారు వాళ్ల చేతిలో ఉంటుంది. మా ఎదురింటాయన కారు నాగ్‌పూర్ దగ్గర ఆపేసి, డీజిలు పెరిగిందనీ, ర్యాంపు ఖర్చనీ ఇంకో 6,000 పంపితేనే కదులుతుందన్నారు. పంపాడు. ఏం చేస్తాడు? కొటేషన్‌లో లోడింగ్, అన్‌లోడింగ్, టోలు, జీఎస్‌టీ, యార్డు అద్దె అన్నీ కలిసి ఇంత, దీని మీద పైసా ఉండదు అన్న ముక్క ఉంటే, కనీసం పోట్లాడ్డానికి కాగితమైనా ఉంటుంది.

పోట్లాట దాకా వస్తే ఒక సంగతి. రసీదు కింద "వివాదాలు ఫలానా నగర కోర్టు పరిధిలోనే" అని చిన్నక్షరాల్లో అచ్చేసి ఉంటుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం మీరు నివసించే చోటే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేసుకోనిస్తుంది. పుణె పరిగెత్తక్కర్లేదు. ముందు 1915కి ఫోన్ చేసి నమోదు చేయించండి. మా 178 కిలోమీటర్లకి నేను అంత దూరం వెళ్లలేదు, మెయిలు మీద మెయిలు పెట్టి 2,000 వెనక్కి తీసుకున్నాను.

కాలం, కాగితాలు

సంక్రాంతికి పది రోజుల ముందు నుంచి తర్వాత వారం దాకా పంపకండి. రోడ్లూ ఖాళీ ఉండవు, డ్రైవర్లూ దొరకరు, రేట్లూ ఆకాశంలో ఉంటాయి. జూన్‌లో బడులు తెరిచే ముందు బదిలీల రద్దీ. జులై, ఆగస్టుల్లో గోదావరికి వరదొస్తే లంకల రోడ్లు మునుగుతాయి, మీ ఊరు మునగకపోయినా దారి మునగొచ్చు. ఆ నెలల్లో తెప్పించుకుంటే తణుకులోనో రాజమండ్రిలోనో చుట్టాలింట్లో దింపించి, నీళ్లు తీశాక తెచ్చుకోవడం మంచిది.

లారీ వాళ్లకి ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ల నకళ్లు ఇస్తే చాలు, ఒరిజినల్ ఆర్‌సీ ఇవ్వకండి. 50,000 దాటిన సరుకుకి ఈ-వే బిల్లు కావాలన్న నిబంధన ఉంది, వాడిన సొంత సామానుకి మినహాయింపు కూడా ఉంది. కాబట్టి ఈ-వే బిల్లు పేరుతో అదనంగా గుంజబోతే కారణం అడగండి. ఇది నా సొంత వాడకపు బండి, అమ్మకానికి కాదు అని సంతకంతో ఒక కాగితం రాసి లారీలో పెట్టించడం మేలు.

వేరే రాష్ట్రం బండి ఇక్కడ 12 నెలలు దాటి ఉండేట్టయితే మన నంబరుకి మార్పించాలి. దానికి పాత ఆర్‌టీఓ నుంచి ఎన్‌ఓసీ కావాలి, లోను ఉంటే బ్యాంకు ఒప్పుకోలూ కావాలి. ఇవి కారు కదలకముందే తెచ్చుకోండి. కారు ఇక్కడికి వచ్చేశాక ఎన్‌ఓసీ కోసం పుణె వెళ్లొచ్చిన మనిషిని నేనే. 2021లో వచ్చిన, అన్ని రాష్ట్రాల్లో చెల్లే బీహెచ్ సిరీస్ నంబరుంటే ఈ తిప్పలుండవు. అన్నట్టు యానాం వాళ్లు మర్చిపోకూడదు, కాకినాడ నుంచి 30 కిలోమీటర్లే అయినా అది పుదుచ్చేరి. రిజిస్ట్రేషన్ లెక్కలో మీరు వేరే దేశమే.

ఫాస్టాగ్ సంగతి చాలామందికి తట్టదు. లారీ టోల్‌గేటు దాటినప్పుడు మీ అద్దం మీద ట్యాగ్‌ని కూడా రీడర్ పట్టేసి డబ్బు కోసేస్తుంది కొన్నిసార్లు. వంటింట్లో అల్యూమినియం రేకు ముక్క తెచ్చి ట్యాగ్ మీద చుట్టేయండి. బండిలో సామాన్లు పెట్టి పంపకండి, పెట్రోలు పావు ట్యాంకు చాలు. తాళం ఒక్కటే ఇవ్వండి, రెండోది మీ దగ్గరే.

వచ్చే నెల మా చిన్నక్క వాళ్ల కారు బెంగళూరు నుంచి పాలకొల్లు రావాలి. ట్రైలర్‌కి ముగ్గురు రేటు చెప్పారు, నేను మా వీధి డ్రైవర్‌నే అడిగాను. "అలాగేనండి, తెచ్చేస్తాను" అని, ఒక నిమిషం ఆలోచించి, "భోగికి రెండ్రోజుల ముందైతే మాత్రం నన్ను అడక్కండి. మా ఊళ్లో పందేలున్నాయి" అన్నాడు.